కాలిన ఊళ్ళో నేల ఎవరిది?



ఇవాళ మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులున్నాయి. అమెరికాలో అదొక రాష్ట్రం. ఆ దీవుల్లో ఒకదాని పేరు మావీ. మావీకి పడమటి ఒడ్డున లహైనా అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో పాత కోర్టు భవనం దగ్గర పెద్ద మర్రిచెట్టు ఉంది. 1873 ఏప్రిల్లో నాటారు దాన్ని. మొక్క మన దేశం నుంచే వెళ్ళింది. నాటిన రోజున ఎనిమిది అడుగులు ఉందట. తర్వాత ఊడలు దిగాయి. ఊడలు మానులయ్యాయి. నలభైకి పైగా మానులతో ఆ ఆవరణంతా ఒక్క చెట్టే కమ్మేసింది.

2023 ఆగస్టు 8న లహైనా తగలబడిపోయింది. మర్రి కూడా మాడింది. ఊరివాళ్ళు ట్యాంకర్లతో నీళ్ళు పోశారు. సెప్టెంబరులో చిగుళ్ళు వేసింది. ఆ చిగుళ్ళ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. మీలో కొందరు చూసే ఉంటారు. చెట్టు కథ చాలామంది చెప్పారు. నేను ఆ ఊరి నేల కథ చెప్తాను. ఊరు కాలిపోయాక ఆ నేల ఎవరి చేతికి పోతుంది? పోకుండా ఆపడానికి ఊరివాళ్ళు ఏం చేశారు? ఇవాళ్టి మాట ఇదే.

ముందు ఆ రోజు సంగతి కొంచెం చెప్పుకోవాలి.

ఆ రోజు పొద్దున్నించీ విపరీతమైన గాలి. దక్షిణాన, వందల మైళ్ళ దూరంలో, డోరా అనే తుఫాను పోతోంది. ఆ గాలికి కరెంటు స్తంభాలు ఒరిగాయి. తీగలు తెగాయి. తెల్లవారుజామున ఒకచోట గడ్డి అంటుకుంది. ఫైరింజన్లు వచ్చి ఆర్పాయి. ఆరిపోయిందనుకుని వెళ్ళిపోయాయి. లోపల నిప్పు మిగిలే ఉంది. మధ్యాహ్నం మూడు కావస్తుండగా అదే చోట మళ్ళీ లేచింది. ఈసారి ఎవరికీ అందలేదు. తెగిన తీగల్లోకి మళ్ళీ కరెంటు వదలడం వల్లే పొద్దున మంట పుట్టిందని, మధ్యాహ్నం లేచింది ఆ నిప్పేనని 2024 అక్టోబరులో దర్యాప్తు తేల్చింది. హెచ్చరిక సైరన్లు ఉన్నాయి. ఒక్కటీ మోగలేదు. రోడ్ల మీద కార్లు ఇరుక్కుపోయాయి. జనం సముద్రంలోకి దూకి, గంటల తరబడి నీళ్ళలో తేలుతూ ప్రాణాలు కాపాడుకున్నారు. 102 మంది చనిపోయారు. 2,200లకు పైగా కట్టడాలు కాలాయి, లేదా దెబ్బతిన్నాయి. ఊరి జనాభా పదమూడు వేలకు కాస్త తక్కువ. వందేళ్ళకు పైగా అమెరికాలో ఏ కార్చిచ్చూ ఇంతమందిని పొట్టన పెట్టుకోలేదు.

మీరు అడగొచ్చు. కొబ్బరిచెట్లు, సముద్రం ఉన్న దీవిలో కార్చిచ్చేంటని. ఆ దీవికి అది సహజం కాదు. లహైనా ఒకప్పుడు హవాయి రాజ్యానికి రాజధాని. రాజులు ఒక పెద్ద చెరువు మధ్య, చిన్న దిబ్బ మీద నివాసం కట్టుకున్నారు. తడి నేల అది. తర్వాత చెరకు తోటల కంపెనీలొచ్చాయి. కొండ మీంచి వచ్చే వాగుల నీళ్ళను తోటలకు మళ్ళించుకున్నాయి. చెరువు దోమల మడుగైంది. 1914లో పూడ్చేశారు. పైన బేస్‌బాల్ మైదానం వేశారు. 1999లో అక్కడి చక్కెర మిల్లు మూతపడింది. చెరకు పోయింది. నీళ్ళు మాత్రం వెనక్కి రాలేదు. ఖాళీ పొలాల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన పొడవాటి గడ్డి పెరిగింది. ఎండితే అగ్గిపుల్ల చాలు. అంటే ఆ నేలను నూటయాభై ఏళ్ళు ఎవరెవరో ఏలారు. మంటలు చివర్లో వచ్చాయి.

అందుకే ఆ ఊరివాళ్ళకు నేల అంటే అంత పట్టుదల. ఇంకో సంగతి. ఇవాళ హవాయి ఆదివాసుల్లో సగం కంటే ఎక్కువ మంది హవాయిలో లేరు. అమెరికా ప్రధాన భూభాగంలో ఉన్నారు. స్వస్థలంలో ఇళ్ళ ధరలు భరించలేక పోయినవాళ్ళే వాళ్ళలో చాలామంది. కాబట్టి ఊరు కాలగానే అక్కడివాళ్ళకు వెంటనే తట్టిన భయం ఇదీ: ఇప్పుడు మనమూ పోతామా?

సరే, మొదటి రోజుల సంగతి చూద్దాం. రోడ్లు మూసేశారు. ఫోన్లు పనిచేయలేదు. ప్రభుత్వ సాయం ఇంకా సర్దుకుంటూనే ఉంది. పక్క దీవుల నుంచి, దీవి అవతలి ఒడ్డు నుంచి మనుషులు పడవలేసుకుని వచ్చేశారు. వాళ్ళు దిగినచోట రేవు లేదు. నడుంలోతు నీళ్ళలో వరసగా నిలబడి మంచినీళ్ళ డబ్బాలు, డీజిలు, పసిపిల్లల పాలపొడి చేతుల మీదుగా ఒడ్డుకు చేర్చారు. పార్కుల్లో, ఇళ్ళ ముందు పందిళ్ళు లేచాయి. ఆర్చీ కలేపా అని ఒక పేరున్న సముద్ర ఈతగాడు, లైఫ్‌గార్డు. ఆయన ఇంటి ముంగిలే ఒక పెద్ద సాయ కేంద్రమైంది. మందులు, బట్టలు, వండిన భోజనం, ఆ మనిషి ఎక్కడున్నాడో ఈ మనిషి ఎక్కడున్నాడో కబురు, అన్నీ అక్కడే. కాలేజీ వంటశాలల్లో హోటల్ వంటవాళ్ళు చేరి వేల పొట్లాలు కట్టారు.

ఇది మనకు అర్థమయ్యే సాయం. దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళకి, వరదలు చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ మొదటి వారం మనుషులు ఎక్కడైనా మంచిగానే ఉంటారు. నాకు పట్టింది రెండో నెల. పొట్లాలు కట్టేవాళ్ళు ఎవరి పనులకి వాళ్ళు పోయాక ఏమవుతుంది?

రెండో నెల దాకా కూడా ఆగలేదు. బూడిద ఇంకా వేడిగా ఉండగానే ఫోన్లు మోగడం మొదలైంది. మీ స్థలం అమ్ముతారా? నగదు ఇస్తాం. వెంటనే ఇస్తాం. ఇల్లు కాలి, మనిషి పోయి, హోటల్ గదిలో కూర్చున్నవాళ్ళకి ఆ ఫోన్లు.

ఇక్కడ మీకు బాగా తెలిసిన ఒక సంగతి గుర్తుచేస్తాను. కోతలయ్యాయి. నూర్చడం అయింది. కళ్లంలో ధాన్యం రాశి పోసి ఉంది. ఎరువుల కొట్టు బాకీ ఉంది. కూలీలకి ఇవ్వాలి. పిల్లాడి ఫీజు కట్టాలి. ఆకాశం మబ్బు పట్టింది. అప్పుడే వ్యాపారి కళ్లం దగ్గరికే వచ్చాడు. గుప్పెడు గింజలు తీసి నలిపాడు. తేమ ఉందన్నాడు. తరుగు తీయాలన్నాడు. ఒక రేటు చెప్పాడు. రైతు ఏమంటాడు? సరే అంటాడు. పక్క చేలో ఇంకో రైతున్నాడు. ఆయనకి బాకీల్లేవు. ధాన్యం ఆరబెట్టుకుంటాడు. ఇంట్లో వేసుకుంటాడు. రెండు నెలలాగి మంచి రేటుకి అమ్ముకుంటాడు. వరి ఒకటే. బస్తా ఒకటే. ఒకాయన ఆగగలడు. ఒకాయన ఆగలేడు. ధరలో తేడా అంతా అక్కడుంది.

లహైనాలో సరిగ్గా అదే జరిగింది. అక్కడ రాశి పోసి ఉన్నది ధాన్యం కాదు, ఇంటి స్థలం. ఆగగలిగే బలం ఎవరికుంది, ఎవరికి లేదు, అదొక్కటే ప్రశ్న. ఈ మాట గుర్తుంచుకోండి. ఆగగలిగే బలం. మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆగలేకపోవడానికి కారణాలు చూడండి. ఇల్లు కాలినా ఇంటి మీద బ్యాంకు అప్పు కాలదు. వాయిదా అడుగుతూనే ఉంటారు. పైగా తలదాచుకున్న చోట అద్దె కట్టాలి. ఆ అద్దెలు మంటల తర్వాత బాగా పెరిగాయి. కొన్ని వేల ఇళ్ళు ఒక్క రోజులో మాయమైతే మిగిలిన ఇళ్ళకి గిరాకీ రాదా మరి? బీమా ఉన్నవాళ్ళకి కొంతకాలం అద్దె ఖర్చు వస్తుంది. ఆ గడువూ అయిపోతుంది. బీమా సొమ్ము నేటి కట్టుబడి ఖర్చుకి చాలదు. ఇంకొందరికి బీమాయే లేదు. తాతల నాటి ఇళ్ళు. అప్పు తీరిపోయి ఎన్నో ఏళ్ళయింది. అప్పుంటేనే బ్యాంకు బీమా చేయించమంటుంది. అప్పు లేని ఇంటికి ఎవరూ అడగరు. అంటే ఊళ్ళో అందరికంటే పాతకాపులే బీమా లేకుండా మిగిలారు.

నష్టపరిహారం సంగతి వినండి. 2024 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. కరెంటు కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం, కౌంటీ, మరికొందరు కలిసి దాదాపు 400 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. వినడానికి చాలా పెద్ద మొత్తం. ఆ తర్వాత బీమా కంపెనీలు కోర్టుకెక్కాయి. మేం మా ఖాతాదారులకి చెల్లించాం కాబట్టి ఆ ఇచ్చేవాళ్ళ మీద మాకూ హక్కుందన్నాయి. వ్యవహారం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ కోర్టు 2025లో తన మాట చెప్పింది. ఇల్లు కాలింది 2023లో. ఈ లోపు ఆ కుటుంబం ఏం తినాలి? ఎక్కడుండాలి? బూడిద ఎత్తి, విషపు చెత్త తీసి, ఇళ్ళ స్థలాలు శుభ్రం చేయడానికే ఏడాది పట్టింది. ఊరు మొత్తం మీద తిరిగి కట్టిన మొదటి ఇల్లు పూర్తయ్యేసరికి 2024 నవంబరు వచ్చింది. న్యాయంగా రావలసింది ఎప్పటికో వస్తుంది. కొనేవాడు మాత్రం ఇవాళే ఫోన్ చేస్తాడు.

కాబట్టి ఊరివాళ్ళు, వాళ్ళతో నిలబడ్డవాళ్ళు చేసిన పనుల్ని నేను ఒకే కొలతతో చూస్తాను. ఈ పని వాళ్ళకి గడువు సంపాదించి పెట్టిందా, లేదా?

గవర్నర్ జాష్ గ్రీన్ అత్యవసర ఉత్తర్వు ఇచ్చారు. ఆ ప్రాంతంలో ఎవరూ అడగని బేరాలతో జనం వెంటపడి స్థలాలు అడగకూడదన్నారు. అడిగితే జైలు శిక్ష దాకా పోవచ్చన్నారు. స్థలాల అమ్మకాలే కొంతకాలం ఆపేద్దామా అని కూడా ఆయన మొదట ఆలోచించారు. నాకైతే మొదటిది నచ్చింది, రెండోదాని మీద అనుమానం ఉంది. పెద్ద వయసువాళ్ళుంటారు. మళ్ళీ ఇల్లు కట్టుకునే ఓపికా వయసూ లేనివాళ్ళుంటారు. వాళ్ళకి అమ్ముకోవడమే మేలు కావచ్చు. వాళ్ళ చేతులు కట్టేయడం న్యాయం కాదు. అమ్మదలుచుకున్నవాడు అమ్ముకోవాలి. గత్యంతరం లేక అమ్మే పరిస్థితి రాకూడదు. అంతే.

ఓప్రా విన్‌ఫ్రే, డ్వేన్ జాన్సన్ అని ఇద్దరు ప్రముఖులు. వాళ్ళు కోటి డాలర్లు వేసి ఒక నిధి పెట్టారు. జనాన్నీ ఇమ్మన్నారు. అంత ఆస్తిపరులు మమ్మల్ని అడగడమేంటని చాలామంది విసుక్కున్నారు కూడా. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. అయితే ఆ నిధి నడిచిన పద్ధతి మంచిది. ఇల్లు కోల్పోయిన వయోజనులు ఎనిమిది వేల మందికి పైగా, ఒక్కొక్కరికి నెలకి 1,200 డాలర్లు, ఆరు నెలలు. సొంతిల్లా, అద్దె ఇల్లా అన్న తేడా పెట్టలేదు. దేనికి ఖర్చుపెట్టావని అడగలేదు. దుప్పట్లు పంచడం కంటే ఇది మేలు. ఎందుకంటారా? దుప్పటి ఇస్తే బ్యాంకు వాయిదా తీరదు. చేతిలో డబ్బుంటే ఆ నెల ఆగొచ్చు. ఆగగలిగే బలం అంటే ఇదే.

ఇక అద్దెకున్నవాళ్ళు. లహైనాలో దాదాపు పదిమందిలో నలుగురు ఫిలిప్పీన్స్ మూలాలవాళ్ళు. హోటళ్ళలో, వంటశాలల్లో పనిచేసేవాళ్ళు. ఒకే ఇంట్లో రెండు మూడు తరాలు, రెండు మూడు కుటుంబాలు ఉండేవి. వీళ్ళకి అమ్ముకోవడానికి స్థలమే లేదు. వీళ్ళ ఊరు నిలవాలంటే అద్దె ఇల్లు కావాలి. ఇల్లు కాలినవాళ్ళని మొదట పక్కనున్న టూరిస్టు హోటళ్ళలో పెట్టారు. ఒక దశలో ఎనిమిది వేలమంది దాకా ఉన్నారు. రెండు నెలలకే, అక్టోబరులో, పడమటి మావీకి మళ్ళీ టూరిస్టుల్ని పిలిచారు. జనం గదుల్లోంచి గదుల్లోకి మారాల్సొచ్చింది.

అప్పుడు కొందరు కుర్రాళ్ళు ఒక పని చేశారు. నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది. నవంబరులో కానాపాలి బీచ్‌కి వెళ్ళారు. పెద్ద పెద్ద హోటళ్ళ ముందున్న ఇసుక అది. అక్కడ రాత్రిళ్ళు డేరా వేసుకుని పడుకోవడం కుదరదు. చేపలు పట్టుకునే హక్కు మాత్రం ఎవరికైనా, ఏ వేళైనా ఉంది. ఇంకేం? గాలాలు ఇసుకలో పాతారు. పక్కన కూర్చున్నారు. పగలూ రాత్రీ, నెలల తరబడి. అడిగితే చేపలు పడుతున్నాం అనేవాళ్ళు. మాకు ఇళ్ళు ఇచ్చేదాకా పడుతూనే ఉంటాం అనేవాళ్ళు. టూరిస్టులు వచ్చి అడిగేవాళ్ళు, విషయం తెలుసుకునేవాళ్ళు. లహైనా స్ట్రాంగ్ అని ఆ బృందం పేరు.

వాళ్ళ కోరిక ఏంటంటే, ఆ దీవిలో వేలాది ఫ్లాట్లు టూరిస్టులకి రోజువారీ అద్దెకి పోతున్నాయి. వాటి యజమానుల్లో చాలామంది ఆ దీవిలో ఉండరు. ఆ ఫ్లాట్లను ఊరివాళ్ళకి నెలవారీ అద్దెకి ఇవ్వాలి. 2024 మే నెలలో మావీ మేయర్ రిచర్డ్ బిస్సెన్ దీన్ని చట్టంగా ప్రతిపాదించారు. సుమారు ఏడు వేల ఫ్లాట్లు దాని కిందికొస్తాయి. గొడవ చాలా జరిగింది. పన్నులు తగ్గుతాయని, ఉద్యోగాలు పోతాయని వాదించారు. ఆ వాదన ఉత్తదేమీ కాదు. ఆ దీవి బతుకే టూరిస్టుల మీద. అయినా 2025 చివర్లో కౌన్సిల్ ఆమోదించింది. అమలుకి మళ్ళీ కొన్నేళ్ళ గడువిచ్చింది. చూశారా, ఫ్లాట్ల యజమానులకి సర్దుకోవడానికి ఏళ్ళ గడువు దొరికింది. కాలిన ఇంటివాళ్ళకి ఆ గడువు ఎవరు ఇవ్వాలి?

దీనికి జవాబుగా ఊరివాళ్ళు పెట్టుకున్నదే లహైనా కమ్యూనిటీ లాండ్ ట్రస్ట్. ఊరి భూమి ట్రస్టు అనుకోండి. ఇవాళ నేను చెప్పదలుచుకున్న ఒకే ఒక్క పద్ధతి ఇది. కాస్త నిదానంగా చెప్తాను.

ఒక కుటుంబం అనుకుందాం. లెక్క కోసం అంకెలు నేనే వేస్తున్నాను. వాళ్ళకి బీమా కింద నాలుగు లక్షల డాలర్లు వచ్చాయి. ఇల్లు తిరిగి కట్టడానికి ఆరు లక్షలవుతుంది. రెండు లక్షలు లోటు. మామూలుగా అయితే ఆ కుటుంబం ముందు రెండే దారులు. కొత్త అప్పు చెయ్యాలి, లేదా స్థలం అమ్మి వెళ్ళిపోవాలి. ట్రస్టు మూడో దారి చూపిస్తుంది. విరాళాల సొమ్ములోంచి ఆ లోటు పూడుస్తుంది. తిరిగి కట్టక్కర్లేదు. బదులుగా దస్తావేజులో ఒక షరతు రాస్తారు. ఈ ఇల్లు ఇకమీదట స్థానికుల చేతుల్లోనే ఉండాలి. రేపు మీరో, మీ పిల్లలో అమ్మదలుచుకుంటే బయటి వ్యాపారికి కాకుండా ఊరివాళ్ళకే పోవాలి. ఇంకోటి. ఎవరైనా తప్పక అమ్ముకునే స్థలం ఉంటే ట్రస్టే దాన్ని కొంటుంది.

ట్రస్టు కొన్న నేల సంగతేంటి? అక్కడ నేలనీ ఇంటినీ విడదీస్తారు. నేల ట్రస్టుది. ఇల్లు కుటుంబానిది. ఆ నేలని కుటుంబానికి దీర్ఘకాలం లీజుకిస్తారు. ఇలాంటి ట్రస్టుల్లో అది తరచు 99 ఏళ్ళుంటుంది. పిల్లలకి వారసత్వంగా పోతుంది. నేల ధర కట్టక్కర్లేదు కాబట్టి ఇల్లు సగటు మనిషికి అందుతుంది. అమ్ముకోవాలంటే అమ్ముకోవచ్చు. కాకపోతే మార్కెట్ ధరకి కాదు. ముందే రాసుకున్న లెక్క ప్రకారం. పెట్టిన డబ్బు వస్తుంది, పైన కొంత లాభం వస్తుంది. తర్వాత కొనే కూలివాడికీ, టీచరమ్మకీ కూడా ఆ ఇల్లు అందుబాటులోనే ఉంటుంది. మళ్ళీ చెప్తున్నాను. నేల ట్రస్టుది, ఇల్లు కుటుంబానిది.

మరి ట్రస్టు ఎవరిది? ఎవరో పెద్దమనిషి జేబులోది అయితే మళ్ళీ జమీందారీయే కదా. అందుకే వాడుకలో ఉన్న పద్ధతి ఇదీ. పాలకవర్గంలో మూడో వంతు ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళు. మూడో వంతు చుట్టుపక్కల ఊరివాళ్ళు. మిగిలిన మూడో వంతు ప్రజాప్రయోజనం చూసే ఇతరులు. ఏ ఒక్కరూ సొంతానికి అమ్మేయలేరు.

శ్రోతలారా, ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే దారి మన గడప దగ్గరికే వస్తుంది.

1951 ఏప్రిల్ 18. తెలంగాణలో, అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లి. సాయుధ పోరాటం వేడి ఇంకా తగ్గలేదు. వినోబా భావే కాలినడకన ఆ ఊరొచ్చారు. దళిత కుటుంబాలు ఆయన దగ్గరికొచ్చి భూమి కావాలన్నాయి. ఎంతన్నారు. 80 ఎకరాలన్నారు. వినోబా ఊరివాళ్ళ వైపు తిరిగి ఎవరైనా ఇస్తారా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. ఇవాళ ఆ ఊరి పేరే భూదాన్ పోచంపల్లి.

తర్వాత జరిగింది అంతగా చెప్పుకోం. దానంగా వచ్చిన భూమి చాలాచోట్ల రాళ్ళూ రప్పలూ. కొంత పంపిణీ కానే లేదు. మన భూదాన భూముల మీద ఇప్పటికీ నడుస్తున్న గొడవలు పేపర్లు చదివేవాళ్ళకి తెలిసినవే. ఇంకో చిక్కు కూడా వచ్చింది. భూమి అందుకున్న పేదవాడికి ఎడ్లు లేవు, విత్తనం లేదు. పంట చేతికొచ్చేదాకా తినడానికి లేదు. కొందరు ఆ భూమినే తాకట్టు పెట్టారు. చేజారిపోయింది. భూమి ఇచ్చారు, ఆగగలిగే బలం ఇవ్వలేదు. ఇది గమనించాక ఉద్యమం గ్రామదానం వైపు మళ్ళింది. 1952లో ఉత్తరప్రదేశ్‌లో మంగ్రోత్ అనే ఊరితో అది మొదలైంది. భూమి ఒక్కొక్కరి పేరున కాకుండా ఊరి పేరున ఉంటుంది. సాగు మాత్రం కుటుంబాలు చేసుకుంటాయి.

అమెరికాలో రాల్ఫ్ బోర్సోడీ, రాబర్ట్ స్వాన్ అనేవాళ్ళు ఈ గ్రామదానాన్ని శ్రద్ధగా గమనించారు. అదే కాలంలో అక్కడి దక్షిణాదిన నల్లజాతి కౌలురైతులు ఓటు నమోదు చేయించుకున్నందుకే భూముల్లోంచి గెంటివేతకు గురవుతున్నారు. చార్లెస్ షెరాడ్, షర్లీ షెరాడ్, స్లేటర్ కింగ్ వంటి పౌరహక్కుల నాయకులు స్వాన్‌తో కలిశారు. వాళ్ళలో కొందరు ఇజ్రాయెల్ వెళ్ళి, అక్కడ నేలని లీజుకిచ్చే పద్ధతి కూడా చూసొచ్చారు. 1969లో జార్జియా రాష్ట్రంలో న్యూ కమ్యూనిటీస్ అనే సంస్థ పెట్టి 5,700 ఎకరాల దాకా కొన్నారు. అమెరికాలో మొదటి కమ్యూనిటీ లాండ్ ట్రస్ట్ అదే. మూలమంతా పోచంపల్లే అని గొప్పలు చెప్పను. ఆ పాదుకి నీళ్ళు పోసిన చేతుల్లో పోచంపల్లి చెయ్యి ఒకటి.

ఆ జార్జియా భూమి చివరికి ఏమైందో కూడా చెప్పాలి. కరువొచ్చింది. ప్రభుత్వ అప్పు తెల్ల రైతులకి అందినట్టు వీళ్ళకి అందలేదు. 1985లో భూమి వేలానికి పోయింది. వాళ్ళు దశాబ్దాలు పోరాడారు. వివక్ష జరిగిందని తేలి, 2009లో దాదాపు కోటి ఇరవై లక్షల డాలర్ల పరిహారం వచ్చింది. దాంతో మళ్ళీ వేరే భూమి కొన్నారు. ఊరి పేరున రాసినా సరే, గడ్డుకాలంలో నిలదొక్కుకునే ఆసరా లేకపోతే నేల నిలవదు. లహైనా ట్రస్టు విరాళాల సేకరణ మీద అంత పట్టు పట్టడానికి కారణం ఇదే. కాగితం ఒక్కటే చాలదని వాళ్ళకి తెలుసు.

ఇంతకీ ఈ సమస్య ఒక్క లహైనాదేనా? 2025 జనవరి 7న లాస్ ఏంజెలస్ పక్కన ఆల్టడీనా అనే ఊరు కాలింది. 9,400లకు పైగా కట్టడాలు. 19 మంది పోయారు. ఆ ఊరి పడమటి భాగంలో నల్లజాతి కుటుంబాలు తరాలుగా సొంతిళ్ళు కట్టుకున్నాయి. వేరేచోట్ల వాళ్ళకి బ్యాంకులు అప్పివ్వని రోజుల్లో, ఇక్కడ కొనుక్కోగలిగిన ఇళ్ళవి. ఖాళీ చేయమన్న హెచ్చరిక ఆ పడమటి వైపుకి తెల్లవారుజామున మూడు దాటాక గానీ రాలేదు. పోయినవాళ్ళలో దాదాపు అందరూ ఆ వైపు వాళ్ళే. కొన్నాళ్ళకే ఇళ్ళ ముందు బోర్డులు లేచాయి. ఆల్టడీనా అమ్మకానికి లేదు అని. అంతకుముందు లహైనాలో రాసుకున్న మాటే ఇక్కడా రాశారు. కాలిఫోర్నియా గవర్నర్ కూడా తక్కువ ధరకి వెంటపడి అడిగే బేరాలను కొంతకాలం నిషేధించారు. వీధుల్లో చెత్త ఎత్తింది ఎవరో తెలుసా? ఏ రోజుకారోజు పని వెతుక్కునే వలస కూలీలు. పొరుగూరు పసడీనాలోని కూలీల అడ్డా నుంచి గ్లవుజులు, చీపుర్లు పట్టుకుని ఉచితంగా వచ్చారు.

మన ఊళ్ళ మాటకొద్దాం. మనకి అలాంటి కార్చిచ్చులు రావు. ఎండాకాలంలో పూరిళ్ళు అంటుకుంటాయి. ఒక నిప్పురవ్వకి వరసంతా పోతుంది. వరదొస్తుంది. అప్పుడు బియ్యం, బట్టలు మనం పట్టుకెళ్తాం. పట్టుకెళ్ళండి. దాంతోపాటు ఇంకో పని పెట్టుకోండి. ఆ ఇంటివాళ్ళకి అప్పిచ్చినవాళ్ళు ఎవరో కనుక్కోండి. నలుగురు కలిసి వెళ్ళి ఆరు నెలలు ఆగమని అడగండి. ఇల్లు కాలినవాడు ఒక్కడే వెళ్ళి అడిగితే పని కాదు. నలుగురు వెళ్తే అవుతుంది. డ్వాక్రా సంఘంలో వాయిదా ఉంటే సభ్యులు మాట్లాడుకుని ముందుకి జరపండి. ఇంటి కాగితాలు కాలిపోయుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించడానికి తోడు వెళ్ళండి. కాగితాలు పోయాయని భయపడి అయినకాడికి అమ్ముకున్నవాళ్ళున్నారు. రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజు అయితే దాని నకలు ఆఫీసులో దొరుకుతుంది. ఆ సంగతి వాళ్ళకి చెప్పండి. ఎవరైనా బయానా పట్టుకుని వస్తే, ఆ రోజు ఆ ఇంటి అరుగు మీద మీరూ కూర్చోండి.

వీటిల్లో దేనికీ పెద్దగా డబ్బు ఖర్చు కాదు. లహైనాలో కొందరు నడుంలోతు నీళ్ళలో వరసగా నిలబడ్డారు, కొందరు బీచ్‌లో గాలాలు పాతారు. ఇంకొందరు ట్రస్టు కోసం విరాళాలు అడుగుతున్నారు. ట్రస్టు చేతికి ఇప్పటిదాకా వచ్చిన స్థలాలు కాలిన ఊరితో పోలిస్తే చాలా కొద్ది. ఒక్కో స్థలం కోసం వాళ్ళు పోటీ పడుతున్నది వెంటనే నగదు లెక్కపెట్టగలిగేవాళ్ళతో. ఆ పోటీ ఇంకా నడుస్తూనే ఉంది.